పైన ఒక్క డాలరు

దేవుడు నాకు చేసిన మేళ్ళు తలుచుకుంటూ కూర్చుంటే, ఎక్కడో ఒకచోట డాక్టర్ గారి పేకాట కూడా వస్తుంది. ఈ మాట అంటే మా సంఘంలో కొందరు మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. మేలు ఏ దారిన వచ్చిందని ఆరా తీయకుండా స్తోత్రం చెప్పడం నాకు ఇంట్లో నేర్పిన చదువు. ఆ మాటకొస్తే నాది మొత్తం ఇంట్లో చదువే. మా నాన్నగారు కృష్ణా డెల్టాలో ఊరూరూ తిరిగి క్రీస్తు బోధ చేసే ఉపదేశి. ఒక ఊళ్ళో బడి కుదిరేలోపు ఇంకో ఊరు మారేవాళ్ళం. అక్షరాలు, ఎక్కాలు, కాస్త ఇంగ్లీషు, అన్నీ మా అమ్మే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. నేను డిగ్రీ చదవలేదన్న సంగతి డాక్టర్ గారికి తెలుసు. తెలుసని అప్పుడప్పుడూ గుర్తు చేస్తుండేవారు.

ఎనభైల చివర్లో మెల్‌బోర్న్ శివార్లలోని క్రాన్‌బర్న్‌లో ఇల్లు కొనుక్కున్నాం. అప్పటికి అక్కడ మనుషులకంటే గుర్రాలు ఎక్కువ. మూడు పడకగదుల ఇటుకల ఇల్లు, ఇల్లంతటికీ ఒకటే గ్యాస్ హీటరు. అది ముందు గదిలో ఉండేది. మెల్‌బోర్న్ చలికాలంలో హీటరున్నదే గది. మిగతావి సామాను పడేసుకునే చోట్లు. ముందు గదికీ వంటింటికీ మధ్య గోడలో, గిన్నెలు అందించుకోవడానికి చిన్న కిటికీ ఒకటి ఉండేది. తలుపు వేసినా ఆ కిటికీలోంచి మాటలన్నీ వినిపించేవి.

చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు అయిదారు ఉండేవి. ఒకరు లూథరన్, ఒకరు బాప్టిస్టు, ఒకరు ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కులు. మన వైపయితే ఒకరి గుడి మెట్లు ఒకరు ఎక్కేవాళ్ళు కాదు. ఇక్కడ మాత్రం ఆదివారం ఎవరి గుడికి వాళ్ళు వెళ్ళి, ఆ ఇంగ్లీషు ప్రసంగంలో పట్టుబడినంత పట్టుకుని, బయటికొచ్చాక ఫోన్లు చేసుకుని ఒకటే మాట అనుకునేవాళ్ళు: వారానికి ఒక్క గంట తెలుగులో ప్రార్థన చేసుకుంటే ఎంత బావుండునో అని. వారమంతా ఫ్యాక్టరీలు, నర్సింగ్ హోములు, ఆఫీసులు. శనివారం ఉదయం బజారు, పిల్లల ఆటలు. అందరికీ కుదిరేది శనివారం మధ్యాహ్నం. అందరూ పట్టేది మా ముందు గది. ఆ శనివారం మధ్యాహ్నమే, ఆ ముందు గదిలోనే, డాక్టర్ గారి పేకాట.

పేకాట డాక్టర్ గారిదని ఎందుకంటున్నానంటే, ఇల్లు మాది, బల్ల మాది, బజ్జీలు మావి, ఆట మాత్రం ఆయనది. నేర్పినవాడు ఆయన కాదు. మా పక్కింటాయన, లారీ నడిపే ఆస్ట్రేలియన్, ఒక రోజు వాళ్ళింటి పెరట్లో బార్బెక్యూకి పిలిచి మావాళ్ళకు పోకర్ నేర్పాడు. మనిషికి రెండు ముక్కలు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు: ముందు మూడు తెరుస్తారు, తర్వాత ఒకటి, ఆపైన ఇంకొకటి. తెరిచినప్పుడల్లా పందెం. చివరికి ఎవరి ముక్కలు గట్టివైతే మధ్యలో డబ్బు వాళ్ళది. లేదా మిగతావాళ్ళందరూ భయపడి ముక్కలు పడేస్తే, పడేయనివాడిది. వాడి చేతిలో చెత్త ఉన్నా సరే. పందేనికి హద్దు లేదు. నీ ముందు బల్ల మీద ఎంత ఉంటే అంతా ఒక్కసారే తోసేయవచ్చు.

అంత హద్దు లేని ఆటకు మావాళ్ళు వారం తిరక్కుండా హద్దు కనిపెట్టారు. దాని పేరు మొహమాటం.

మావారు ఫ్యాక్టరీలో ఇంజనీరు. మంచి ముక్కలు వస్తే రెండు డాలర్లు పెట్టేవారు. "ఇంటికొచ్చిన వాళ్ళ దగ్గర ఎక్కువ గుంజితే ఏం బావుంటుందే?" అనేవారు నాతో. చెడ్డ ముక్కలు వస్తే డాక్టర్ గారు ఎంత అడిగితే అంత పెట్టేవారు. "పెద్దాయన అడుగుతుంటే కాదని పడేస్తే ఏం బావుంటుంది?" అదీ ఆయనే. ఎటు తిప్పినా బావుండేది డాక్టర్ గారికే. మావారు డబ్బు పోగొట్టుకునేవారు అనడం కూడా తప్పే. వడ్డించేవారు. విస్తరి ముందు నిలబడి, ఇంకాస్త వేయించుకోండి అన్నట్టు.

మరొకాయన యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరర్ గారు. ఆయనకు మొహమాటం లేదు, లెక్కలున్నాయి. మధ్యలో ఎంత ఉంది, తను ఎంత పెట్టాలి, తనకు కావలసిన ముక్క ఎన్నింటికొకసారి వస్తుంది, అంతా పైకే వల్లె వేసేవారు. లెక్క పూర్తయ్యేసరికి ఆయన చేతిలో ఏమున్నాయో బల్ల చుట్టూ అందరికీ తెలిసిపోయేది. అప్పుడు ముక్కలు పడేసి, "మ్యాథమేటికల్లీ ఇదే కరెక్ట్ అండీ" అని బజ్జీ అందుకునేవారు. ఓడిన వాళ్ళలో అంత తృప్తిగా ఓడినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఇక డాక్టర్ గారు. మా అందరికంటే పదిహేనేళ్ళు పెద్ద, మా అందరికంటే పదిహేనేళ్ళు ముందు వచ్చినవారు. మన జిల్లావారే. ఎవరింట్లో జ్వరమొచ్చినా ఫీజు లేకుండా చూసేవారు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ చూసిన జ్వరాలన్నీ శనివారం బల్ల మీద ఆయన పక్కన కూర్చుని ఆడేవి. మా పిల్లకు న్యుమోనియా తగ్గించిన మనిషి మీద మావారు పందెం ఎలా పెంచుతారు? పైగా పందేల మీద ఆయనొక ఉపన్యాసం తయారు చేసుకున్నారు.

"పందెమంటే డోసు లాంటిదోయ్ ఇంజనీరూ. తక్కువిస్తే పని చెయ్యదు. ఎక్కువిస్తే పేషెంటు పారిపోతాడు. మనిషిని బట్టి, బలాన్ని బట్టి, కరెక్ట్‌గా ఇవ్వాలి."

"అవునండీ," అనేవారు మావారు, డోసు మింగుతూ.

పక్కింటాయన నవ్వేవాడు. "యూ బ్లోక్స్ ఆర్ టూ పొలైట్ టు ప్లే దిస్ గేమ్, మేట్," అని ఆయన చాలాసార్లు చెప్పాడు. దాన్ని మావాళ్ళు పొగడ్తగా తీసుకున్నారు.

ఆ కిటికీకి ఇవతల, వంటింట్లో, నేనూ డాక్టర్ గారి భార్యా ఉండేవాళ్ళం. ఆవిణ్ణి నేను అక్కయ్యగారు అనేదాన్ని. మావారిది సంపాదించిన కుటుంబం కాదు, ఆవిడది బాగా ఉన్న కుటుంబం. అయినా శనివారం మధ్యాహ్నం ఇద్దరం ఒకే బాణలి ముందు నిలబడేవాళ్ళం. మగవాళ్ళకు బజ్జీలు వేడివేడిగా కావాలి. ఒకేసారి వేసి పెడితే చల్లారిపోతాయని డాక్టర్ గారి ఫిర్యాదు. అందుకని మూడు మూడు చొప్పున, ఆట సాగినంత సేపూ. కూర్చోవడానికి వంటింట్లో కుర్చీ ఉండేది కాదు. కుర్చీలన్నీ ముందు గదికి పోయేవి.

ఒకరోజు నేను శనగపిండి కలుపుతున్నాను. అవతల డాక్టర్ గారు "ఇరవై" అన్నారు. లెక్చరర్ గారు లెక్క మొదలుపెట్టారు. అక్కయ్యగారు బాణలి మీంచి తల ఎత్తకుండా అన్నారు.

"లేవు ఆయన దగ్గర."

"ఏవండీ?"

"ముక్కలు. ఊరికే బెదిరిస్తున్నారు."

లెక్చరర్ గారు పడేశారు. డాక్టర్ గారు గెలిచానన్న సంతోషంలో తన ముక్కలు తిప్పి చూపించారు. నిజంగానే ఏమీ లేవు. కాసేపటికి మళ్ళీ ఆయన గొంతు. "ఇరవై ఒకటి." నోట్ల మీద బంగారు రంగు డాలరు బిళ్ళ పడిన టక్కుమనే చప్పుడు.

"ఇప్పుడున్నాయి," అన్నారు అక్కయ్యగారు.

ఉన్నాయి. మూడు రాణులు.

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిడ నవ్వారు.

"ఇందులో ఏముందమ్మాయ్! ఆయనకి శుభం అనుకుంటేనే పైన ఒకటి వేస్తారు. పెళ్ళికి చదివించినా నూటపదహార్లే, నా పుట్టినరోజుకి కవరిచ్చినా యాభై ఒకటే, గుళ్ళో హుండీలో వేసినా పదకొండే. చేతికి అలవాటైపోయింది. ముక్కలు బావుంటే మనసులో శుభం అనుకుంటారు, చెయ్యి దానంతటదే ఇంకో డాలరు తీస్తుంది. ముక్కలు లేనప్పుడు మాత్రం ఆ ఒక్క డాలరు పడదు. అబద్ధం మీద ఆ రూపాయి వెయ్యడానికి ఆయనకి చెయ్యి రాదు."

"ఆయనకి తెలుసా?"

"ఆయనకెలా తెలుస్తుంది? ఆయన డాక్టరు కదా!"

అప్పటినుంచి ప్రతి శనివారం మాకు అదే కాలక్షేపం. నర్సింగ్ హోములో పనిచేసే మా లూథరన్ ఆవిడ ఎప్పుడైనా వస్తే ఆవిడ కూడా చేరేది. అవతలినుంచి "పది" అని వినిపిస్తే ముగ్గురం ఒకేసారి తల అడ్డంగా ఊపేవాళ్ళం. "పదకొండు" అంటే నిలువుగా. ఒక్కసారి కూడా తప్పలేదు. అవతల నలుగురు మగవాళ్ళు, వాళ్ళలో ఇద్దరికి డాక్టరేట్ స్థాయి చదువులు, ఆ టక్కుమనే చప్పుడు రెండడుగుల దూరంలో విని కూడా వినలేదు. మేమెందుకు చెప్పలేదంటారా? మమ్మల్ని ఎవరడిగారు? మమ్మల్ని అడిగిందల్లా పచ్చిమిరపకాయ బజ్జీలున్నాయా అని.

ఆ ఏడాది చలికాలం మొదట్లో నేను మావారిని అడిగాను, శనివారాలు గది మాకు ఇవ్వమని. మావారు దేవుడంటే భక్తి ఉన్న మనిషే. కానీ దేవుడు కనిపించడు, డాక్టర్ గారు కనిపిస్తారు.

"నాదేముందే? డాక్టర్ గారితో ఎలా చెప్పను? రావద్దన్నట్టుంటుంది."

"అయితే నేను చెబుతాను."

"అబ్బే, నువ్వు చెబితే నేను చెప్పించినట్టుంటుంది."

ఆ శనివారం టీ ఇస్తూ నేనే చెప్పాను. మా ఆడవాళ్ళు ప్రార్థనకు కూర్చోవాలనుకుంటున్నారనీ, వేరే చోట లేదనీ, మీ గ్యారేజీ పెద్దది కదా, ఆట అక్కడ పెట్టుకుంటే ఎలా ఉంటుందనీ. మావారు టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నారు, అందులో దూకడానికి చోటుందేమో అన్నట్టు.

డాక్టర్ గారు కోప్పడలేదు. ఆయన ముందు డబ్బు పోగు పడి ఉంది, కోపమెందుకొస్తుంది?

"చెల్లెమ్మా, బల్ల దగ్గర న్యాయం బల్లదే. నా ముందున్న డబ్బంతా, ఆఖరి బిళ్ళతో సహా, మీ ఇంటి కుర్చీలోంచి ఎప్పుడు పట్టుకుపోతారో, ఆ రోజే ఆట మా గ్యారేజీకి మారుస్తాను. మాటంటే మాటే. అప్పటిదాకా ఈ గది నాది. ఏమోయ్ ఇంజనీరూ, న్యాయమేనా?"

"న్యాయమేనండీ," అన్నారు మావారు.

"యూ హర్డ్ హిమ్," అన్నాడు పక్కింటాయన, ఎవరో తర్జుమా చేసి చెప్పాక. "ఐయామ్ ద విట్‌నెస్."

న్యాయం బాగానే ఉంది. ఆ కుర్చీలో కూర్చునేది మావారు. మావారు డాక్టర్ గారి ఆఖరి బిళ్ళ పట్టుకుపోవడమంటే, పెళ్ళిభోజనంలో పెద్దాయన విస్తరి లాక్కోవడం లాంటిది. ఆ రాత్రి నేను ప్రార్థనలో ఇది కూడా చెప్పుకున్నాను. చెప్పుకోవడం వరకే, ఏం చెయ్యాలో ఆయనకు చెప్పడం నాకు అలవాటు లేదు.

నెల రోజులు గడిచాయో లేదో. ఒక శనివారం బయట వాన, వడగళ్ళు. లోపల హీటరు ఎర్రగా వెలుగుతోంది. ఆ రోజు మావారికి ఎక్కడ లేని అదృష్టం పట్టింది. లెక్చరర్ గారి దగ్గర లెక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. మావారి ముందు నోట్లు ఎంత పెరిగాయంటే, ఆయన వాటిని చేత్తో కప్పుకుని కూర్చున్నారు, ఎవరైనా చూస్తే బాగోదని.

కొత్త ఆట పంచారు. ముక్కలు చూసుకుని ఎవరి పందెం వాళ్ళు పెట్టారు. మధ్యలో మూడు ముక్కలు తెరిచారు: ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది, డైమను నాలుగు. లెక్చరర్ గారు, పక్కింటాయన పడేశారు. మావారు రెండు డాలర్లు పెట్టారు. అంటే మంచి ముక్కలున్నాయన్న మాట. డాక్టర్ గారు దాన్ని పది చేశారు. మావారు ఆ పదీ పెట్టారు. అంతలో హాల్లో ఫోన్ మోగింది. మావారి ఫ్యాక్టరీలో లైను ఆగిపోయిందట. ఆ వారం సెలవు రోజుల్లో పిలిస్తే పలకాల్సిన వంతు మావారిది.

"ఏమే, ఇలా రా! నా కుర్చీలో కూర్చో. డాక్టర్ గారు పందెం వెయ్యగానే ముక్కలు పడేయ్. అంతే నీ పని. ఇంకేం ముట్టుకోకు."

నేను చేతులు తుడుచుకుని వెళ్ళి కూర్చున్నాను. రెండేళ్ళలో ఆ గదిలో శనివారం మధ్యాహ్నం నేను కూర్చోవడం అదే మొదలు. హీటరు కాళ్ళకు తగులుతోంది. ఎంత హాయిగా ఉందో! ఇందుకే వీళ్ళు లేవరు అనుకున్నాను.

ముక్కలు కొద్దిగా ఎత్తి చూశాను. ఆఠీను రాజు, ఆఠీను పది. మధ్యలో ఒక రాజుంది కాబట్టి నాకు రెండు రాజులు. నాలుగో ముక్క తెరిచారు. డైమను ఏడు. దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ కనబడలేదు.

"ఇరవై," అన్నారు డాక్టర్ గారు. ఒక నోటు, చప్పుడు లేకుండా.

కిటికీ అవతల నూనె చిటపట కూడా ఆగినట్టనిపించింది. నేను తల తిప్పి చూడలేదు. చూడనవసరం లేదు.

"పడేసెయ్యి చెల్లెమ్మా, పనైపోతుంది. బజ్జీలు మాడతాయి."

"ఇరవై పెడితే తప్పా అండీ?"

"తప్పెందుకమ్మా? నీ మొగుడి డబ్బు!" అని నవ్వారు.

మావారి పోగులోంచి ఇరవై తీసి మధ్యలో పెట్టాను. హాల్లోంచి మావారి అరుపు: "నో, నో, చెక్ ద బెల్ట్ ఫస్ట్!" ఆయనకు ఇక్కడ జరుగుతున్నది తెలియదు.

అయిదో ముక్క తెరిచారు. కళావరు రెండు. డాక్టర్ గారు దాన్ని ఒక క్షణం చూసి, ముందున్న నోట్లన్నీ ఒకచోట చేర్చి తోశారు.

"అరవై."

నోట్లన్నీ తోశారు. ఆయన ముందు మిగిలినవి, టీ సాసరు పక్కన, మూడు డాలరు బిళ్ళలు. బంగారు రంగువి. చేతికి ఆనుకునే ఉన్నాయి. ఒక్కటి తీసి పైన వేస్తే అరవై ఒకటి. వెయ్యలేదు.

నిజంగా ముక్కలున్న మనిషయితే ఆ చెయ్యి ఆగేది కాదు. అయినా, అవతల పెట్టేది మావారి డబ్బు. పోతే ఇంట్లో మాట పడాలి, ఆపైన ఇంకెన్ని చలికాలాలు వంటింట్లో నిలబడాలో తెలియదు. ప్రార్థన చేశావా అంటే చేశాను. ముక్కల కోసం కాదు, అవి అప్పటికే తెరిచి ఉన్నాయి. ఆ చెయ్యి బిళ్ళల మీదికి వెళ్ళకుండా ఉంటే చాలని. పేకాటలోకి దేవుణ్ణి పిలుస్తారా అంటే, బాణలి దగ్గరికి వచ్చినవాడు పక్క గదిలోకి రాడా?

"కాల్, రెయిజ్ ఆర్ ఫోల్డ్, లవ్," అన్నాడు పక్కింటాయన మెల్లగా, సరి పెడతావా, పెంచుతావా, పడేస్తావా అని. "టేక్ యువర్ టైమ్."

అరవై పెట్టి ఊరుకుంటే ఏమవుతుందో ఆలోచించాను. గెలిస్తే డబ్బొస్తుంది. కానీ ఆ మూడు బిళ్ళలూ అక్కడే ఉంటాయి. ఆఖరి బిళ్ళతో సహా అన్నారు కదా ఆయన. రేపు ఆ మూడింటినీ పట్టుకుని, గది నాదే అంటారు. డబ్బు నాకెందుకు? నాకు కావలసింది ఆ మూడు.

రెండు చేతులతో మావారి పోగంతా ముందుకు తోశాను.

"అంతా," అన్నాను.

లెక్చరర్ గారి చేతిలో బజ్జీ నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"అయ్యయ్యో, అంతా కాదమ్మా," అన్నారు డాక్టర్ గారు. "నీకు తెలియదులే. ఇలా తొయ్యకూడదు."

"షీ కెన్, మేట్. నో లిమిట్. యూ ఓన్లీ పే వాట్స్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ యూ," అన్నాడు పక్కింటాయన, ఆయన పెట్టాల్సింది ఆయన ముందున్నంతేనని వేలుతో చూపిస్తూ. "త్రీ బక్స్."

డాక్టర్ గారు మూడు బిళ్ళల వంక చూశారు. ఆయన దగ్గర ఏమీ లేదు. ఇప్పుడు మనందరికీ తెలుసు, అప్పుడు ఆయనకూ నాకూ వంటింటికీ మాత్రమే తెలుసు. పడేస్తే మూడు బిళ్ళలూ మిగులుతాయి, గదీ మిగులుతుంది. తెలివైన పని అదే. నేను భయపడ్డది కూడా అదే. కానీ అరవై తోసిన మనిషి మూడు డాలర్లకు వెనక్కి తగ్గితే, ఆ అరవై ఒట్టి అబద్ధమని తనే చెప్పుకున్నట్టు. అదీ ఎవరికి? బజ్జీలు తెచ్చే ఆవిడకి. ఆయన పెట్టాల్సింది వందయి ఉంటే, "పిచ్చి పందెం" అని హుందాగా పడేసేవారే. మూడు డాలర్లకు హుందాగా పడేసే ఉపాయం ఆయన దగ్గర లేదు.

ఇంతలో దేవుడు లెక్చరర్ గారి నోరు తెరిపించాడు.

"డాక్టర్ గారూ, మధ్యలో దగ్గర దగ్గర రెండొందలుంది. మీరు పెట్టేది మూడు. అరవైసార్లలో ఒక్కసారి గెలిచినా లాభమే! ఇక్కడ ఫోల్డ్ చేస్తే క్రైమ్ అండీ, మ్యాథమేటికల్లీ."

ఆ ఒక్కసారి కూడా గెలవలేని ముక్కలు కొన్ని ఉంటాయని లెక్చరర్ గారి లెక్కలో లేదు. డాక్టర్ గారు ఆయన వంక చూసిన చూపుకు ఏ మందూ లేదు.

"మూడు డాలర్లకి పారిపోయాననిపించుకోను," అన్నారు చివరికి. బిళ్ళలు మధ్యలోకి విసిరారు. టక్, టక్, టక్.

నేను రాజునూ పదినీ తిప్పాను. డాక్టర్ గారు తన ముక్కలు తిప్పకుండానే మిగతావాటిలో కలపబోయారు. పక్కింటాయన చెయ్యి అడ్డం పెట్టి వాటిని తిప్పాడు. ఇస్పేటు ఆసు, ఇస్పేటు జాకీ. ఇంకొక్క ఇస్పేటు వస్తే అయిదూ ఒకే రంగువయ్యేవి. రాలేదు.

 వడగళ్ళు కారు మీద పడుతున్న చప్పుడు. ఆ సమయంలోనే మావారు ఫోన్ పెట్టేసి వచ్చారు.

"అయిపోయిందా? ఏమిటిది? డాక్టర్ గారి ముందు ఏమీ లేదేం?" అని అడిగారు. విషయం తెలిశాక కంగారుపడ్డారు. "అయ్యో, అన్నీనా? ఇచ్చేయ్, ఇచ్చేయ్! ఏదో తెలియక ఆడింది డాక్టర్ గారూ!"

"తెలియకే ఆడిందోయ్," అన్నారు డాక్టర్ గారు. ఆయనకు ఆ మాట దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది. "బిగినర్స్ లక్! పర్సులో ఇంకో వంద ఉంది, కూర్చో. మళ్ళీ మొదలెడదాం."

"ఇన్ ద గ్యారేజ్, డాక్?" అని అడిగాడు పక్కింటాయన. "లాస్ట్ కాయిన్, యూ సెడ్. ఐ వాజ్ హియర్."

డాక్టర్ గారు పర్సు తెరిచారు. అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుని అక్కయ్యగారు వచ్చారు. కొంగుతో చేతులు తుడుచుకుని, మధ్యలోంచి డాక్టర్ గారి నోట్లు ఒక్కొక్కటే ఏరి, మూడు బిళ్ళలతో సహా తన హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు.

"ఇవి నావి," అన్నారు. "రెండేళ్ళ బజ్జీల కూలి. అమ్మాయికి డబ్బక్కర్లేదు, అడిగి చూసుకోండి. మీరు రేపు గ్యారేజీలోంచి కారు బయట పెట్టండి."

"ఏమిటే, అందరి ముందూ..."

"మాటంటే మాటేనన్నారుగా. విన్నాను, కిటికీలోంచి."

మావారి మిగతా డబ్బు మావారికిచ్చేశాను. అందులో లెక్చరర్ గారిది ఆయనకు తిరిగిచ్చేశారట తర్వాత, బావుండదని. ఆయన తీసుకోవడానికి ఏమీ మొహమాటపడలేదు.

తర్వాతి శనివారం మగవాళ్ళు డాక్టర్ గారి గ్యారేజీలో కోట్లు వేసుకుని, చిన్న కరెంటు హీటరు చుట్టూ ముడుచుకుని కూర్చున్నారని విన్నాను. అందుకూ దేవునికి స్తోత్రం. చలికి ఎక్కువసేపు ఆడలేరు. ఇక్కడ మా ముందు గదిలో ఆడవాళ్ళం ఏడుగురం చేరాం. లూథరన్ ఆవిడ, బాప్టిస్టు ఆవిడ, ఆర్.సి.ఎం. వాళ్ళు ఇద్దరు, వాళ్ళ చుట్టాలావిడ ఒకరు, నేను. ఏడో మనిషి అక్కయ్యగారు. బొట్టు పెట్టుకుని, శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి అడిగారు.

"మాది వేరే దేవుడు. కూర్చోవచ్చా?"

"కుర్చీలన్నీ మనవేనండీ," అన్నాను.

ఆవిడ హీటరు పక్కన మెత్తటి కుర్చీలో, అంతవరకూ డాక్టర్ గారు కూర్చునే దాంట్లోనే, కూర్చుని కాళ్ళు చాపుకున్నారు. అప్పుడే ఫోన్ మోగింది. డాక్టర్ గారు.

"చెల్లెమ్మా, మా ఆవిడ అక్కడుందా? ఇక్కడ తినడానికేమీ లేదు. బజ్జీలేమైనా..."

అక్కయ్యగారి వంక చూశాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే అన్నారు.

"బేకరీ అయిదింటిదాకా తీసే ఉంటుందని చెప్పు."

చెప్పాను. ఫోన్ పెట్టేసి వచ్చి పాటల పుస్తకం తీసుకున్నాను. ఏ పాటతో మొదలుపెడదామని లూథరన్లకూ బాప్టిస్టులకూ కాసేపు వాదన జరిగింది, మెల్లగా, మర్యాదగా. ఒక్క మాట కుదిరేలోపే అక్కయ్యగారి తల ఒక పక్కకు వాలింది. శాలువా జారింది. నోరు కొద్దిగా తెరుచుకుని, పగటిపూట, వేడి గదిలో, ఆవిడ హాయిగా నిద్రపోయారు.

బాప్టిస్టు ఆవిడ వేలు పెదవుల మీద పెట్టుకుంది. నేను వెళ్ళి శాలువా సర్ది కప్పాను. ఆవిడ లేచేదాకా మేమెవరమూ పాట ఎత్తలేదు.